మిగులు పెస్టో సద్వినియోగ పథకం

ఇటలీ నుంచి వచ్చిన అయిదుగురు నిపుణులు మూడు రోజులుండి, మూడు పూటలా ఇడ్లీ సాంబారే తిని, వెళ్తూ వెళ్తూ సాంబారు పొడి పొట్లాలు కూడా కట్టించుకుని వెళ్ళిపోవడంతో మొదలైంది చిక్కంతా.

వాళ్ళ కోసమని ఉద్యోగుల సమగ్ర సామర్థ్య శిక్షణా సంస్థ వారు వాళ్ళు రొట్టెకి రాసుకునే పెస్టో అనే ఆకుపచ్చ ముద్ద పన్నెండు డబ్బాలు తెప్పించారు. డైరెక్టర్ కూర్మనాథరావు గారి ఉద్దేశంలో డబ్బా అంటే అరచేతిలో పట్టే గాజు సీసా. సరఫరాదారు ఉద్దేశంలో డబ్బా అంటే పదిహేను కిలోల నూనె డబ్బా. ఉద్దేశాలు రెండైనా కాగితం మీద మాట ఒకటే కాబట్టి సరుకు దిగింది, సంతకాలూ అయ్యాయి. అతిథుల్లో ఒకాయన మాత్రం మర్యాదకి చెంచాడు పెస్టో బ్రెడ్డు ముక్కకి రాసుకుని, "మా ఇంట్లో రోజూ ఇదేనండీ" అని దిగులుగా చెప్పి, రెండో వాయి ఇడ్లీల కోసం లేచాడు. పదకొండు డబ్బాలు సీలు విప్పకుండానూ, పన్నెండోది ఒక చెంచా వెలితితోనూ మిగిలిపోయాయి.

మామూలు రోజుల్లో అయితే ఆ డబ్బాలు ఏ మూలో పడుండేవి. కానీ సరిగ్గా ఆ వారమే రాజధాని నుంచి 'శేషరహిత కార్యాలయం' అనే ఉత్తర్వు వచ్చింది. ఏ కార్యాలయంలోనూ ఏ ఆహారమూ మిగిలి పాడవకూడదు. మిగిలినదాన్ని దైనందిన వంటలలో సద్వినియోగపరచాలి. పారవేస్తే సంస్థాధిపతి వ్యక్తిగతంగా బాధ్యుడు. కూర్మనాథరావు గారు 'వ్యక్తిగతంగా' అన్న మాట కింద ఎర్రగీత గీసి, శీతల గదిలోకి వెళ్ళి, పన్నెండు డబ్బాలనీ చూసి, కాసేపు అక్కడే నిలబడ్డారు.

వంటశాల పెద్ద వరహాలమ్మకి కబురెళ్ళింది.

వరహాలమ్మ ఆ సంస్థలో పదిహేడేళ్ళుగా వండుతోంది. పదిహేడేళ్ళూ కాంట్రాక్టు మీదే. ఉద్యోగం ఖాయం చెయ్యమని ఆవిడ పెట్టుకున్న అర్జీ ఫైలు, స్టోరు కూడా చూసుకునే సూపరింటెండెంట్ సన్యాసిరాజు గారి బల్ల మీద ఉండేది. ఎండాకాలంలో ఫ్యాను గాలికి కాగితాలెగరకుండా ఆయన దాన్నే బరువుగా పెట్టుకునేవారు. వంటశాల వెనక ఒంటిగది ఆవిడ ఇల్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ గది. ఆవిడ వంట గురించి చెప్పాలంటే ఒక్కటే: శిక్షణకొచ్చిన అరవైమంది ఉద్యోగులు తిని లేచాక, గిన్నెలు కడిగే పైడమ్మకి చాలా రోజులు నీళ్ళు తప్ప పీచు అవసరం ఉండేది కాదు.

వరహాలమ్మ స్టోరు శీతల గదిలోకి వెళ్ళి చూసేసరికి ప్రతి డబ్బా మీదా పుర్రె బొమ్మా, దాని కింద అడ్డంగా రెండెముకలూ ఉన్నాయి.

"ఏటి బాబూ ఇది? దీన్ని తిన్నోలెవలైనా బతికున్నారేటి?"

"ఆహారమే వరహాలమ్మా. వర్గీకరణ మాత్రం విషం," అన్నారు సన్యాసిరాజు గారు శాంతంగా.

జరిగిందేమిటంటే, స్టోరు పట్టికలో పెస్టోకి గడి లేదు. ఇరవైయారేళ్ళ సర్వీసులో గడి లేని వస్తువుని ఆయన లోపలికి రానివ్వలేదు. అక్షరక్రమంలో వెతికితే దగ్గర్లో పెసలు, పెస్టిసైడ్లు కనిపించాయి. ఎక్కువ అక్షరాలు కలిసిన చోట చేర్చారు. పురుగుమందు అన్నాక పుర్రె బొమ్మ అంటించడం నియమం.

"మరి ఆ బొమ్మ పీకీవచ్చు కదా?"

"వర్గీకరణ మార్చాలంటే పైనుంచి రావాలి. నువ్వు వాడుకో, ఏం ఫరవాలేదు. చేతులు మాత్రం కడుక్కో."

మధ్యాహ్నం మీటింగు. దానికి 'మిగులు పెస్టో సద్వినియోగ సంఘం' అని పేరు. ఇటలీ పర్యటన చేసొచ్చినప్పటినుంచీ కూర్మనాథరావు గారు మెడకి ఒక పల్చటి రుమాలు చుట్టుకుని, మాట్లాడేటప్పుడు అయిదు వేళ్ళూ ఒక్కచోట చేర్చి ఊపడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడూ ఊపుతున్నారు.

"ఇది కేవలం ఒక పదార్థం కాదు. ఒక దృక్పథం. దీన్ని మన దైనందిన వంటలలో అంతర్భాగం చేయవలసిన చారిత్రక బాధ్యత ఈ సంస్థపై ఉన్నది. వరహాలమ్మా, నీ అభిప్రాయం?"

వరహాలమ్మ వేలితో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. సంఘం సభ్యులందరూ ఊపిరి బిగబట్టారు, పుర్రె బొమ్మ అందరూ చూసినదే.

"సబ్జా మొక్కుంటాది కదండీ, దాని ఆకునాగుంది," అంది. "ఎల్లుల్లి, నూనె, ఏదో గింజ, కూసింత జున్ను ముక్కనాటిది. ఉప్పు ఏసీసే ఉంది. పచ్చడి బాబూ. మంచి పచ్చడే."

కూర్మనాథరావు గారి వేళ్ళు విడిపోయాయి. "పచ్చడి అనకూడదు. పచ్చడి అంటే దృక్పథం పోతుంది."

"అలాగే బాబూ. ఏటనాల?"

"పెస్టో."

"పెస్టో పచ్చడి," అంది వరహాలమ్మ రాజీకి వస్తూ. మినిట్స్‌లో 'సానుకూలంగా స్పందించినది' అని రాసుకున్నారు.

మర్నాటినుంచి ఆవిడ పని మొదలెట్టింది. కొత్త దినుసు చేతికొస్తే ముందు దాని గుణం కనిపెట్టాలి. పొయ్యి మీద పెట్టి చూసింది; పచ్చదనం పోయి చేదెక్కింది. అయితే దీన్ని ఉడికించకూడదు, దించాక కలపాలి అనుకుంది. గట్టిగా ఉంటే గరిటెడు వేన్నీళ్ళతో జారుగా చేసింది. ఉప్పు ముందే ఉంది కాబట్టి కూరలో ఉప్పు సగం కోసేసింది. వేడన్నంలో ఈ పచ్చడి వేసి, నిమ్మకాయ పిండి, శనగపప్పూ ఎండుమిరపకాయల పోపు తగిలిస్తే మొదటిరోజే రెండు గుండిగలు ఊడ్చుకుపోయాయి. రెండోరోజు పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలతో బాటు రాసింది. తరవాత బంగాళాదుంప వేపుడు దించి, సెగ తగ్గాక కలిపింది. ఉప్మాలో చివర్న రెండు గరిటెలు. చపాతీ పిండి తడిపేటప్పుడు నూనెకి బదులు ఇదే. పెరుగులో గిలక్కొట్టి ఆవపోపు పెడితే, ఆ పెరుగు పచ్చడి కోసం ప్రకృతి వైపరీత్యాల మీద పాఠం చెప్పే లెక్చరరు క్లాసు పావుగంట ముందే వదిలేశాడు. మిరపకాయ బజ్జీల్లో వాముముద్దకి బదులు పెస్టో కూరిన సాయంత్రం సంస్థలో ఒక్క ఫైలు కదల్లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆఖరి డబ్బాని పైడమ్మ బోర్లించి, అడుగుని రెండుసార్లు తట్టి, లోపలంతా దోసె ముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది.

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వుతూ డైరెక్టరు గారి గదికెళ్ళింది. శభాష్ అంటారనుకుంది.

"అయిపోనాది బాబూ. చుక్క కూడా నేదు."

కూర్మనాథరావు గారి చేతిలో పెన్ను ఆగింది. ఆయన అప్పుడే రాజధానికి ఉత్తరం రాస్తున్నారు. మిగులు పెస్టో పథకం దిగ్విజయంగా నడుస్తున్నదనీ, ఏడాది పొడుగునా నడుస్తుందనీ, 'మిగులు పెస్టోతో మూడువందల అరవై అయిదు దినములు' అనే పుస్తకం అచ్చులో ఉన్నదనీ. ఆ ఉత్తర్వు ఇచ్చిన కమిషనర్ గారు స్వయంగా చూడ్డానికి వచ్చే నెల వస్తున్నారు కూడా.

"అయిపోయిందా? ఎవరు తినమన్నారు?"

"మీరే కదా బాబూ."

"సద్వినియోగం చెయ్యమన్నాం. తినెయ్యమని ఎక్కడన్నాం?" ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. "మిగులు లేకుండా మిగులు పథకం ఎలా నడుస్తుంది? కమిషనర్ గారొచ్చి మిగులేదీ అంటే ఏం చూపించమంటావ్?"

పక్కనే ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ సన్యాసిరాజు గారు గొంతు సవరించుకున్నారు. "మళ్ళీ కొందామండి."

"కొంటే అది తాజా పెస్టో అవుతుంది. మిగులు ఎలా అవుతుంది?"

"మిగల్చాలండి," అన్నారు సన్యాసిరాజు గారు.

కూర్మనాథరావు గారు వేళ్ళన్నీ మెల్లగా ఒక్కచోటికి చేర్చారు.

కొత్త సరుకు ఈసారి ఇరవై డబ్బాలు వచ్చింది. దాంతోబాటు పథకంలో మిగులుకి నిర్వచనం కూడా వచ్చింది: 'భుజించుటకు అర్హుడైన వ్యక్తి ఎదుట నలభై నిమిషములకు తక్కువ కాకుండా ఉంచబడి, భుజింపబడనిది.' శిక్షణ టైంటేబుల్లో నాయకత్వ లక్షణాలకీ ఒత్తిడి నిర్వహణకీ మధ్య 'మిగుల్చు పీరియడ్' అని ఒకటి చేర్చారు. అరవైమంది ఉద్యోగులూ భోజనశాలలో వరసలుగా కూర్చోవాలి. ప్రతివాళ్ళ ముందూ గిన్నెడు పెస్టో, దాన్ని కలిపిన వంటకం ఒకటి. నలభై నిమిషాలు చూస్తూ ఉండాలి. గంట కొట్టగానే గిన్నెలు వెనక్కి తీసుకుని, 'మిగులు' అని చీటీ అంటించి శీతల గదిలో పెట్టాలి.

మొదటిరోజు వంటకం పెసరట్టు. పదో నిమిషానికి వెనక వరసలో ఎవరో దగ్గారు; దగ్గు చాటున అట్టు సగం మాయమైంది. ఇరవయ్యో నిమిషానికి ముందు వరసవాళ్ళు బాహాటంగానే అందుకున్నారు. గంట కొట్టేసరికి గిన్నెల అడుగులు మెరుస్తున్నాయి. ఒక మండలాధికారి పక్కవాడి గిన్నె కూడా గీకుతూ దొరికిపోయాడు. "సర్, నేను మిగల్చాలనే కూర్చున్నాను సర్, కానీ ఇంగువ వాసన వచ్చింది," అని ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు.

వారం తిరిగినా చెంచాడు మిగల్లేదు. డబ్బాలు మాత్రం ఆరు ఖాళీ.

ఎనిమిదో రోజు పొద్దున వరహాలమ్మకి మెమో వచ్చింది. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. బియ్యం బస్తా మీద కూర్చుని కూడబలుక్కుని చదివింది.

'శ్రీమతి వరహాలమ్మ, కాంట్రాక్టు వంటమనిషి గారు తయారుచేయు ఆహారము రుచికరముగా ఉండుట వలన ప్రభుత్వ పథకమునకు తీవ్ర విఘాతము కలుగుచున్నదని తనిఖీలో వెల్లడైనది. కావున ఆమెను విధులనుండి ఏల తొలగించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

రెండుసార్లు చదివింది. కాగితం మడిచి బొడ్లో దోపుకుని, ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఉల్లిపాయలు అయిపోయాక కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"పదిహేడేళ్ళే పైడీ," అంది. "బాగోలేదని ఒక్కలూ అన్నేదు. ఇప్పుడు బాగుందని తీసెత్తారట."

"బాగోకుండా వండీ అక్కా, ఏటవుతాది?" అంది పైడమ్మ. "గది పోతే ఎక్కడికెల్తావు?"

ఆ మాటా నిజమే. సంజాయిషీలో ఆవిడ స్వయంగా ఇలా రాసింది: 'అయ్యా, తమరి కాగితం అందింది. ఇకమీదట రుచి తగ్గిస్తాను. ఉప్పు ఎక్కువ వెయ్యాలో తక్కువ వెయ్యాలో సెలవియ్యండి.'

పైనుంచి 'తగు విధముగా' అని జవాబొచ్చింది.

మర్నాడు ఉప్మా గుండిగ ముందు నిలబడి వరహాలమ్మ గుప్పెడు ఉప్పు తీసింది. మామూలుగా వెయ్యాల్సినదానికి మూడింతలు. చెయ్యి గుండిగ మీదికి చాచింది. పైడమ్మ గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఏసీ అక్కా."

చెయ్యి తెరుచుకోలేదు.

"అక్కా, ఏసీ. ఉజ్జోగం పోద్ది."

"ఏత్తానుండవే." చెయ్యి కొంచెం వెనక్కి తీసింది. "ఆ మూల కూకుంటాడే, పల్చగా, ఉత్తరాలు రాసుకుంటా ఒక్కడే తింటాడు, ఆడి మొకం కనిపిస్తందే."

చివరికి ఉప్పంతా మళ్ళీ డబ్బాలో పోసి, చెయ్యి కడుక్కుని, మామూలుగా ఎంత వెయ్యాలో అంతే వేసింది. ఆ రోజూ గుండిగ ఖాళీ అయింది.

కమిషనర్ రావడానికి పది రోజులుంది. సంఘం మళ్ళీ కూర్చుంది. వరహాలమ్మ పొయ్యి దగ్గరున్నంతకాలం ఏదీ మిగలదని తేలింది. పనిలోంచి తీసేద్దామా అంటే, రుచి కారణంగా తొలగించడానికి నిబంధన దొరకలేదు. అప్పుడు సన్యాసిరాజు గారు ఒక ఉపాయం చెప్పారు.

"మిగిలినది నిజంగా మిగిలిందని ఎవరో ధ్రువీకరించాలి కదండీ. ఆవిడ్ని ఆ పనిలో వేద్దాం. కుర్చీ ఇద్దాం, స్టాంపు ఇద్దాం. పొయ్యి దగ్గరకి పోదు."

ఉపాయం బాగుంది గానీ ఒక్కటే అడ్డం. ప్రభుత్వ ముద్ర కాంట్రాక్టు ఉద్యోగి చేతికివ్వకూడదు. స్టాంపు పట్టుకోవాలంటే ఖాయం ఉద్యోగి అయ్యుండాలి. సన్యాసిరాజు గారు ఫ్యాను గాలికి బరువుగా పెట్టుకున్న ఫైలు తీసి దుమ్ము దులిపారు. కమిషనర్ రాకడ అని రాసేసరికి రాజధానిలో కూడా ఎవరూ అడ్డు చెప్పలేదు. పదిహేడేళ్ళు కదలని ఫైలు, రబ్బరు స్టాంపు కోసం రెండు రోజుల్లో తిరిగొచ్చింది.

ఆ విధంగా వరహాలమ్మ 'మిగులు ధ్రువీకరణ సహాయకురాలు' అయింది. ఉత్తర్వు కాగితాన్ని ఆవిడ కళ్ళకద్దుకుంది. పైడమ్మని కావిలించుకుంది. ఆ ఆనందం కుర్చీలో కూర్చునేదాకా ఉంది. ఆవిడకిచ్చిన ఆఫీసు గదికీ వంటశాలకీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడవతల గరిటె చప్పుడు వినపడేది. ఆవాలు మాడితే వాసనొచ్చేది. "ఆవాలు మాడిపోతన్నాయి, దించండి!" అని ఆవిడ కుర్చీలోంచే అరిచేది. అది ఆవిడ విధుల్లోకి రాదని సన్యాసిరాజు గారు వచ్చి చెప్పేవారు.

గోడవతలి వంటవాళ్ళు మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ తరఫున వచ్చినవాళ్ళు. వాళ్ళకి వంట రాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే వాళ్ళ చేతిలో సంఘం ఆమోదించిన 'ప్రమాణ పాక సూత్రము' ఉంది. దాంట్లో సభ్యులందరి సూచనలకీ చోటిచ్చారు. ఆరోగ్య విభాగం ఉప్పు తీసేసింది. పొదుపు విభాగం మూడు రెట్లు నీళ్ళు చేర్చింది. సాంస్కృతిక విభాగం స్థానికత కోసం బెల్లమూ చింతపండూ వేయించింది. స్టోరు పట్టికలో విషమని ఉంది కాబట్టి ముందుజాగ్రత్తగా ముప్పావుగంట ఉడికించమని సన్యాసిరాజు గారు రాశారు. ఇంత చేశాక పెస్టో, సైకిల్ షాపులో చేతులు కడిగిన నీళ్ళ రంగుకి వచ్చింది.

మిగులు పొంగి పొర్లింది. మొదటి పూటకే అరవై గిన్నెలకి అరవై మిగిలాయి. మిగుల్చు పీరియడ్ నలభై నిమిషాల నుంచి గంటన్నరకి పెంచినా ఎవరూ చెయ్యి పెట్టలేదు. గేటు బయట బడ్డీ కొట్లో బన్నులు పొద్దున ఎనిమిదికే అయిపోయేవి. క్లాసుల్లో సగంమంది నీరసంతో బల్లల మీద తలలు వాల్చేవారు. ఒత్తిడి నిర్వహణ పాఠం ఫలించిందని నివేదికలో రాశారు. గిన్నె గిన్నె మీదా వరహాలమ్మ స్టాంపు వేసేది. వేసిన ప్రతిసారీ గిన్నె కేసి ఒకసారి చూసి మొహం పక్కకి తిప్పుకునేది.

కమిషనర్ హేమనళిని గారు మంగళవారం పదకొండింటికి వచ్చారు. శీతల గది తలుపు తెరిచి చూపించారు. నేల నుంచి కప్పుదాకా గిన్నెలు, గిన్నె గిన్నెకీ చీటీ.

"ఎంత మిగిలిందండీ!" అన్నారావిడ పారవశ్యంతో. "ఇతర జిల్లాలలో పథకాలు చూశాను. మిగులులో ఇంతటి స్థిరత్వం ఎక్కడా కనపడలేదు. దీనిని రాష్ట్రవ్యాప్త నమూనాగా పరిగణించవలసి ఉంటుంది."

"అంతా తమరి ప్రేరణ మేడమ్," అన్నారు కూర్మనాథరావు గారు. అయిదు వేళ్ళూ గాలిలో ఆడుతున్నాయి.

భోజనశాలలో ఆవిడకి ప్రమాణ పాకం వడ్డించారు. చెంచాడు నోట్లో పెట్టుకున్నారు. మింగడానికి కొంత సమయం పట్టింది. హాలు హాలంతా ఆవిడ గొంతు కేసే చూసింది.

"ఇందులో ఒక... విజన్ ఉన్నది," అన్నారు. చెంచా కింద పెట్టి రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. "సంతకం ఎక్కడ?"

తనిఖీ ఫైలు తెచ్చారు. కమిషనర్ సంతకానికి పైన ఒక గడి ఉంది: 'ధ్రువీకరణ సహాయకురాలి అభిప్రాయము. తప్పనిసరి.' వరహాలమ్మని పిలిచారు. సన్యాసిరాజు గారు పెన్ను అందిస్తూ గుసగుసగా చెప్పారు. "సంతృప్తికరం అని రాసెయ్."

వరహాలమ్మ పెన్ను పట్టుకుని కూర్చుంది. 'సంతృప్తికరం'లో ఏ అక్షరం కింద ఏ ఒత్తొస్తుందో ఆవిడకి సరిగా తెలియదు. అది ఒక కారణం. తల ఎత్తి చూస్తే హాలు నిండా నిండు గిన్నెలు కనిపించాయి. మూలన ఆ పల్చటి కుర్రాఫీసరు, ఎప్పుడూ ఉత్తరాలు రాసుకునేవాడు, ఉత్తరం పక్కన పెట్టి గిన్నె కేసి ఒట్టినే చూస్తున్నాడు. వాడి మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. అది రెండో కారణం.

ఆవిడ వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో, తనకొచ్చిన రెండు మాటలు రాసింది.

'ఇది ఎందుకు?'

అవతల కారు ఇంజను మోగుతోంది. దారిలో ఫలానా హోటల్లో భోజనం ఉందని డ్రైవరు చెప్పినట్టున్నాడు, కమిషనర్ గారు తొందరగా ఉన్నారు. పైన ఏముందో చూడకుండా కింద 'చూడబడినది. తగు జవాబు కోసం పంపవలెను' అని రాసి సంతకం చేసి వెళ్ళిపోయారు.

దాంతో అది వరహాలమ్మ ప్రశ్న కాకుండా పోయింది. సాక్షాత్తూ కమిషనర్ వేసిన ప్రశ్న అయింది.

నాలుగో రోజున రాజధాని నుంచి ఫైలు తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో ఉంది: 'ఇది ఎందుకు? కమిషనర్ గారి ప్రశ్న. పదిహేను దినములలో జవాబివ్వవలెను.'

కూర్మనాథరావు గారికి చెమటలు పట్టాయి. మెడకున్న రుమాలు మొదటిసారి పనికొచ్చింది.

"ఎందుకు అని ఎవరడిగారు?"

"కమిషనర్ గారండి," అన్నారు సన్యాసిరాజు గారు.

"ఎందుకడిగారు?"

"అది కూడా ఫైల్లో అడగమంటారాండి?"

సంఘం మూడు పూటలు కూర్చుంది. ఎలా, ఎంత, ఎప్పుడు, ఎవరిచేత, ఏ పద్దు కింద, అన్నిటికీ జవాబులున్నాయి. ఎందుకు అన్నదానికి కాగితం లేదు. ఫైలుని పొదుపు విభాగానికి పంపారు. '"ఎంత" అన్నదాని వరకే మా పరిధి. "ఎందుకు" అన్నది మా పరిధి కాదు' అని తిరిగొచ్చింది. న్యాయ విభాగానికి పంపారు. వాళ్ళు ఇంకా లోతుగా వెళ్ళారు: 'ఇది అనగా పెస్టోనా, మిగులా, పథకమా, లేక సంస్థయా? స్పష్టపరచవలెను. సంస్థ అయినచో ప్రశ్న తీవ్రమైనది.' ఆ వాక్యం చదివి కూర్మనాథరావు గారు తలుపేసుకున్నారు.

తలుపు తీశాక ఒక ఉత్తర్వు బయటికొచ్చింది. జవాబు వచ్చేదాకా యథాతథ స్థితి. పెస్టోని వండరాదు, తినరాదు, మిగల్చరాదు, పారవేయరాదు, దానిపై వ్యాఖ్యానించరాదు. శీతల గదికి తాళం పడింది. ఏజెన్సీ వంటవాళ్ళ ఒప్పందంలో ప్రమాణ పాకం తప్ప మరేదీ రాయలేదు కాబట్టి వాళ్ళు మూటాముల్లె సర్దుకుని బస్సెక్కారు.

పన్నెండున్నరకి అరవైమందీ భోజనశాలలో కంచాలు వాయించడం మొదలెట్టారు. సామూహిక నాయకత్వ లక్షణాలు మొదటిసారి అందరిలోనూ ఒక్కసారే కనిపించాయి.

కూర్మనాథరావు గారు వరహాలమ్మ గదిలోకి స్వయంగా వచ్చారు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఖాళీ కాగితాల మీద స్టాంపు వేసుకుంటోంది.

"వరహాలమ్మా, తాత్కాలికంగా ఇవాళ్టికి వంట..."

"అది నా యిధుల్లోకి రాదు కదండీ బాబూ. సూపర్నెంటు బాబు సెప్పినారు."

"నేను చెప్తున్నాను కదా."

ఆవిడ స్టాంపు పక్కన పెట్టింది. "మరి ఈ పోస్టు?"

"ఆ ప్రశ్న తేలేదాకా ఎవరూ దాన్ని కదపడానికి లేదు. పథకం నడవకపోయినా పోస్టు ఉంటుంది. నీ ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది."

"ఎప్పుడు తేల్తాదండీ?"

కూర్మనాథరావు గారు కిటికీలోంచి దూరంగా చూశారు. "ఈ దేశంలో ఆ ప్రశ్న ఎప్పుడు తేలిందమ్మా?" అన్నారు. ఉద్యోగంలో చేరిన తరవాత ఆయన ఆఫీసు భాషలో కాకుండా మాట్లాడిన మొదటి వాక్యం అదేనేమో.

వరహాలమ్మ లేచింది. కొంగు నడుముకి బిగించింది. వంటశాలలోకి అడుగుపెడుతూనే మాడిన మూకుడు చూసి, ఆ ఏజెన్సీవాళ్ళని ఏడు తరాలదాకా తిట్టి, పైడమ్మని పిలిచి పొయ్యి ముట్టించింది. కంచాల మోత వింటూ, చేతికి అందినవన్నీ గబగబా తరిగి, ముప్పావుగంటలో అన్నం, పులుసు దించింది. పెద్ద గొప్ప వంటేం కాదు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళగానే హాల్లో కంచాల చప్పుడు ఆగిపోయింది. మూలనున్న కుర్రాఫీసరు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు.

ఫైలు ఇప్పటికీ తిరుగుతూనే ఉందంటారు. ఏ బల్ల మీదకెళ్ళినా ఆ బల్ల ఆయన ఒక రోజంతా దిగులుగా కూర్చుని, ఆనక పక్క బల్లకి పంపేస్తున్నాడట.

మొన్నొక మధ్యాహ్నం అందరికన్నా ముందే కూర్మనాథరావు గారు వంటశాల వెనక తలుపు దగ్గర కనిపించారు. మెడకి రుమాలు లేదు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, పీట వాల్చుకున్నారు.

"ఇవాళేంటి వరహాలమ్మా?"

"బెండకాయ పులుసు బాబూ. కందిపచ్చడి."

"మిగులుతుందా?"

"మిగల్దు బాబూ."

ఆయన పీట ఇంకాస్త ముందుకి జరుపుకున్నారు.

"అయితే నాకు ఇప్పుడే పెట్టెయ్యమ్మా," అన్నారు.